అశాహేలు పడిన చోట

జూన్ 28
చదవవలసిన భాగాలు: 2 సమూయేలు 2:12–32, 3:26–39

గిబియోను కొలనుకు ఇటు ఒడ్డున యోవాబు, అటు ఒడ్డున అబ్నేరు కూర్చున్నారు. ఒకడు దావీదు సేనాధిపతి, ఇంకొకడు సౌలు ఇంటివారి సేనాధిపతి. యుద్ధం ఇంకా మొదలుకాలేదు. కుర్రాళ్ళు లేచి మన ఎదుట కాసేపు ఆడితే చూద్దామని అబ్నేరు అన్నాడు. యోవాబు సరేనన్నాడు. ఇటు నుంచి పన్నెండుమంది, అటు నుంచి పన్నెండుమంది లేచారు. ఎదుటివాడి తల ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వాడి డొక్కలో కత్తి దించారు. ఇరవై నలుగురూ ఒక్కచోటే కూలిపోయారు. ఆడమన్న పెద్దలిద్దరూ బతికే ఉన్నారు.

మన సంఘాల్లో ఈ అధ్యాయం మీద ప్రసంగం వినడం అరుదు. గొల్యాతు కథ ఆదివారపు బడి పిల్లలకు కూడా నోటికి వచ్చు. గిబియోను కథలో గెలిచిన సంబరం లేదు, ఫ్లానెల్‌గ్రాఫ్ మీద అతికించడానికి పనికొచ్చే బొమ్మ లేదు, అందుకే దాటేస్తాం. ఈ ఒక్క ఉదయం దాటేయకుండా చదువుదాం.

ఆనాటి అసలు పోరులో అబ్నేరు సైన్యం ఓడి పారిపోయింది. అతని వెంటపడినవాడు అశాహేలు. దావీదు తోబుట్టువు సెరూయాకు ముగ్గురు కొడుకులు: యోవాబు, అబీషై, ఈ అశాహేలు. కాళ్ళలో లేడి వేగం ఉన్నవాడు. కుడికీ ఎడమకీ తిరగకుండా అబ్నేరు వెనకే పరుగెత్తాడు. అబ్నేరు వెనుదిరిగి చూసి గుర్తుపట్టాడు. నన్ను వదిలి పక్కకు పో, ఆ కుర్రాళ్ళలో ఎవడినైనా పట్టుకుని వాడి ఆయుధాలు తీసుకో అని చెప్పాడు. అశాహేలు వినలేదు. అబ్నేరు రెండోసారి ఇంచుమించు బతిమాలాడు. నిన్ను చంపాక నీ అన్న యోవాబుకు నా ముఖం ఎలా చూపించను అన్నాడు. అప్పుడూ వినలేదు. చివరికి అబ్నేరు ఈటె వెనక కొనతో పొడిచాడు. అది కడుపులో దిగి వీపున బయటికి వచ్చింది.

తరవాత గ్రంథకర్త చిన్న సంగతి ఒకటి రాశాడు. ఆ దారిన తరుముతూ వచ్చిన సైనికులందరూ అశాహేలు పడి చనిపోయిన చోటికి రాగానే నిలిచిపోయారు. శత్రువు ఇంకా పారిపోతూనే ఉన్నాడు, చేతుల్లో కత్తులున్నాయి, గెలుపు తమ వైపే ఉంది. ఆగమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. అయినా ఆగారు. ఆ వెంటనే 24వ వచనంలో ఇంకో సంగతి ఉంది. యోవాబూ అబీషై మాత్రం అబ్నేరును తరుముతూనే పోయారు. సొంత అన్నలు ఆగలేదు.

ఈ రెండు వచనాల మధ్య ఎంత దూరం ఉందో ఇవాళ ఆలోచిద్దాం. జూన్ 28ని ఇందుకు ఎంచుకోవడానికి కారణం ఉంది.

మన లాలాగూడ రైల్వే ఊరు. నిజాం కాలంలో, 1893లో పెట్టిన వర్క్‌షాపు చుట్టూ, క్వార్టర్ల చుట్టూ, తరవాత వచ్చిన రైల్వే ఆసుపత్రి చుట్టూ పెరిగింది. కానీ సైన్యం మనకు పక్కింటిదే. అటు ఏఓసీ సెంటర్, తిరుమలగిరి వైపు ఈఎంఈ సెంటర్. ఏఓసీ గేట్లు అనగానే మనలో చాలామందికి ట్రాఫిక్కే గుర్తొస్తుంది, దారి తెరిచి ఉంచాలా మూసేయాలా అన్న తగువు గుర్తొస్తుంది. ఆ గేట్ల లోపల రిక్రూట్‌మెంట్ ర్యాలీలు జరిగేటప్పుడు 1.6 కిలోమీటర్ల పరుగు కోసం వచ్చే కుర్రాళ్ళు మాత్రం అంతగా గుర్తుకు రారు. నెలల తరబడి తెల్లవారుజామున మైదానాల్లో పరుగెత్తి కాళ్ళు సాధించుకుని వస్తారు వాళ్ళు. సైన్యంలో చేరాలంటే ఇప్పటికీ అశాహేలుకు ఉన్న ఆ వరం కావాలి.

సికింద్రాబాద్ పేరు ఫ్రాన్సు మట్టిలో కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 జులై 14న, సోమ్ యుద్ధభూమిలోని హైవుడ్ దగ్గర గుర్రాల మీద దూసుకుపోయిన దళం పేరు సికింద్రాబాద్ క్యావల్రీ బ్రిగేడ్. అందులో డెక్కన్ హార్స్ రౌతులు ఉన్నారు. ఫ్రాన్సులోనే నవ్‌షాపెల్ స్మారకం మీద, సమాధి తెలియని భారత సైనికుల పేర్లు 4,700కు పైగా చెక్కి ఉన్నాయి. అక్కడ కూడా కొలనుకు చెరో ఒడ్డున కూర్చున్న పెద్దలు ఉన్నారనే నా లెక్క.

ఇక 1999 జూన్ 28. కార్గిల్ యుద్ధం, ద్రాస్.

మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాద్‌లో పుట్టాడు. కుటుంబానిది ఒడిశా. తండ్రి వైమానిక దళంలో పనిచేసి రిటైరైన అధికారి. ఉస్మానియాలో డిగ్రీ చదివి, మద్రాసు ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పొంది, రాజ్‌పుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్‌లో చేరాడు. ఆ బెటాలియనే జూన్ 13న తోలోలింగ్ శిఖరాన్ని గెలుచుకుంది. రెండు వారాలు గడిచాయి. లోన్‌హిల్ అనే గుట్టను పట్టుకునే పని ఆచార్య కంపెనీకి వచ్చింది. దారి పొడవునా మందుపాతరలు, పైనుంచి మెషిన్‌గన్లు, ఫిరంగులు. ముందు వెళ్ళిన ప్లటూను దెబ్బతిని ఆగిపోయింది. ఆచార్య రిజర్వు ప్లటూనును తీసుకుని గుండ్ల వానలో నిటారు కొండ ఎక్కాడు. శత్రువు బంకరు దాకా వెళ్ళి గ్రెనేడ్లు విసిరాడు. ఒంట్లో తూటాలు దిగి కదలలేని స్థితిలో, నన్ను ఇక్కడే వదిలేసి మీరు పైకి వెళ్ళండని తనవాళ్ళకు చెప్పాడు. పడుకున్న చోటినుంచే కాలుస్తూ ఉన్నాడు. వాళ్ళు వెళ్ళి గుట్టను గెలిచారు. ఆయన అక్కడే ప్రాణం విడిచాడు. మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు.

ఇది పతక ప్రశంసాపత్రం చెప్పే కథ. ఇందులో ఉన్నదంతా ఒక్క రాత్రిది. అంతకు కొద్దిరోజుల ముందు ఆయన తండ్రికి రాసిన ఉత్తరం ఒకటుంది. అప్పుడు భార్య గర్భవతి. యుద్ధంలో ప్రాణాలు పోవడం మా వృత్తిలో ఉన్నదే, మన చేతిలో లేదు, దాని గురించి దిగులు పడొద్దని తండ్రికి ధైర్యం చెప్పాడు. యుద్ధంలో పాల్గొనడం తనకు దక్కిన గౌరవమని అమ్మకు చెప్పమన్నాడు. ఆ తరవాత ఒక పని అప్పగించాడు. భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమన్నాడు, కడుపులోని బిడ్డకు మంచి గుణాలు అబ్బాలని. ఆచార్య పోయిన కొన్ని నెలలకు ఆ బిడ్డ పుట్టింది. ఆడపిల్ల.

నాకు ఆ గుట్ట మీది గ్రెనేడ్ల కన్నా ఈ కథల కోరికే ఎక్కువసార్లు మనసులోకి వస్తుంది. ఆ కొండల మీద, చలిలో, రేపు ఉంటానో లేదో తెలియని మనిషి ఇంట్లో సాయంత్రాలు ఎలా గడవాలో ఆలోచించాడు. ఎవరు ఎవరికి ఏం చెప్పాలో ఆలోచించాడు. ఒక యువకుడి జీవితాన్ని జ్ఞాపకం చేసుకోవడమంటే ఈ సంగతి కూడా జ్ఞాపకం ఉంచుకోవడం. సౌలు, యోనాతాను చనిపోయినప్పుడు దావీదు విలాపగీతం కట్టి ఊరుకోలేదు, దాన్ని యూదావారి పిల్లలకు నేర్పించమన్నాడు. అందులో యోనాతాను విల్లు ఉంది. అతని స్నేహమూ ఉంది.

ఆచార్య మన సంఘస్థుడు కాడు కదా, ధ్యానంలో ఆయన పేరెందుకు అని ఎవరికైనా అనిపించవచ్చు. 2 సమూయేలు 23వ అధ్యాయం చివర దావీదు శూరుల జాబితా చూడండి. ముప్పదిమందిలో మొదటి పేరు అశాహేలుది. చివరి పేరు హిత్తీయుడైన ఊరియాది. మధ్యలో అమ్మోనీయుడైన జెలెకు ఉన్నాడు. ఇశ్రాయేలీయులు కానివారి పేర్లను పరిశుద్ధ గ్రంథం కొట్టేయలేదు. మనకు మాత్రం ఆ హక్కు ఎక్కడిది?

అదే రాత్రి, అదే బెటాలియన్‌లో, అదే కొండల మీద ఇంకో ఇద్దరు యువ అధికారులు చనిపోయారు. నాగాలాండ్ నుంచి వచ్చిన కెప్టెన్ కెంగురుసేకు ఇరవై నాలుగేళ్ళు. నున్నటి బండ మీద బూట్లు జారుతున్నాయని, గడ్డకట్టే చలిలో వాటిని విప్పేసి ఉత్త కాళ్ళతో ఎక్కాడు. కెప్టెన్ విజయంత్ థాపర్‌కు ఇరవై రెండేళ్ళు. అంతకుముందు కుప్వారాలో ఉన్నప్పుడు, తండ్రిని ఉగ్రవాదులు చంపగా మాట పడిపోయిన ఒక చిన్న పాపతో అతనికి స్నేహం కుదిరింది. తాను పోతే తెరవమని రాసిపెట్టిన ఉత్తరంలో ఆ పాపకు నెలనెలా యాభై రూపాయలు పంపుతూ ఉండమని తల్లిదండ్రులను అడిగాడు. వీలైతే మేము పోరాడిన ఈ చోటును వచ్చి చూడమని కూడా అడిగాడు. తండ్రి, సైన్యంలోనే పనిచేసిన కర్నల్, ఏడాదికోసారి ఆ కొండలకు వెళ్తూ వచ్చాడు. పెద్ద వయసులో కూడా వెళ్ళాడు. 2 సమూయేలు 2:23కు ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నాకు తెలియదు.

యుద్ధం ముగిశాక యోవాబు మనుషులను లెక్కపెట్టించాడు. దావీదు సేవకులలో పంతొమ్మిదిమంది లేరు, అశాహేలు లేడు. గ్రంథం లెక్క చెప్పిన తీరు అదే: పంతొమ్మిదిమందీ, అశాహేలూ. అశాహేలు రాజుగారి మేనల్లుడు. బేత్లెహేములో తండ్రి సమాధిలోనే అతన్ని పాతిపెట్టారు. ఆ పంతొమ్మిదిమందిని ఎక్కడ పాతిపెట్టారో రాసి లేదు. అటువైపు అబ్నేరు మనుషులు 360 మంది చచ్చారు, వాళ్ళ ఊర్లూ తెలియవు. కార్గిల్‌లో మన సైనికులు 527 మంది ప్రాణాలిచ్చారు. మనకు నోటికి వచ్చే పేర్లు పది ఉంటాయా? పతకం వచ్చినవాడి పేరు వీధికి పెడతాం. పక్కనే పడిపోయిన సిపాయి పేరు అతని పల్లెకే తెలుసు. ఆ పల్లెలో కూడా రెండు తరాలు గడిచాక ఎవరు చెబుతారు?

అందుకే ఇటీవలి పేరు ఒకటి కూడా చెబుతాను. మురళీ నాయక్, శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా. తల్లిదండ్రులు బతుకుతెరువు కోసం ముంబై వెళ్ళి కూలి పనులు చేసుకున్నవాళ్ళు. 2022లో అగ్నివీరుడిగా చేరాడు. 2025 మే 9 తెల్లవారుజామున జమ్మూకశ్మీర్ నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో చనిపోయాడు. ఒక్కగానొక్క కొడుకు. అంత్యక్రియలకు మంత్రులు వచ్చారు, భూమి, డబ్బు ప్రకటించారు, మంచిదే. అయితే అగ్నివీరుల కుటుంబాలకు బీమా, పరిహారం ఉన్నాయి కానీ, మామూలు సైనికుడి ఇంటికి నెలనెలా వచ్చే పింఛను లేదు. దానికి కారణాలు చెప్పేవాళ్ళు ఢిల్లీలో చాలామంది ఉన్నారు. ఒకే తూటాకు ఇద్దరు పడితే ఒక ఇంటికి పింఛను వచ్చి ఇంకో ఇంటికి రాకపోవడం న్యాయమని నాకు అనిపించదు.

ఇప్పుడు ఆగనివాళ్ళ దగ్గరికి వద్దాం. ఆనాటి పోరు చివర్లో అబ్నేరు కొండ మీద నిలబడి, కత్తి ఇలా ఎంతకాలం మింగుతూ ఉంటుందని యోవాబును అడిగాడు. యోవాబు బూర ఊదించి సైన్యాన్ని ఆపాడు. తన మనసును ఆపలేదు. అబ్నేరు దావీదుతో సంధి చేసుకుని సమాధానంగా వెళ్ళిపోతుంటే, మనుషులను పంపి వెనక్కి పిలిపించాడు. హెబ్రోను గుమ్మంలో రహస్యంగా మాట్లాడాలన్నట్టు పక్కకు తీసుకుపోయి కడుపులో పొడిచాడు. తమ్ముడికి ఎక్కడ తగిలిందో అక్కడే. తమ్ముడి కోసమే చేశాడు. అప్పుడు రాజైన దావీదు అబ్నేరు పాడె వెనక నడిచాడు. సమాధి దగ్గర గొంతెత్తి ఏడ్చాడు. పొద్దుగూకే దాకా అన్నం ముట్టలేదు. నిన్నటి దాకా శత్రువుల సేనాధిపతి, తన మేనల్లుణ్ణి చంపినవాడు, అతని కోసం. సెరూయా కొడుకులు నాకు మించిన కఠినులని ఒప్పుకున్నాడు. చాలా ఏళ్ళ తరవాత యోవాబు బలిపీఠపు కొమ్ములు పట్టుకుని, అక్కడే చంపబడ్డాడు.

చనిపోయిన కుర్రవాడి పేరుతో ఇంకొకరి రక్తం అడగడం యోవాబుతో పోలేదు. సరిహద్దులో ఒకడు పడ్డాడన్న వార్త రాగానే టీవీ స్టూడియోలలో అరుపులు మొదలవుతాయి. మన ఫోన్లలోకి, సంఘపు వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా అవే అరుపులు వస్తాయి. ఆ ఇంట్లో తల్లికి ఇంకా కబురు సరిగ్గా అంది ఉండదు. మన దేశం కోసం నిలబడినవాణ్ణి గౌరవించడం ఒకటి, అతని పాడెను మన కోపానికి వేదిక చేసుకోవడం ఇంకొకటి. రెండోది దేశభక్తి అని నేను ఒప్పుకోను. దావీదు పిరికివాడు కాడు. ఏడవాల్సిన చోట ఏడ్చాడు, అంతే.

ఇంకో సంగతి. స్నేహితుల కోసం ప్రాణం పెట్టేవాడి ప్రేమకన్నా గొప్ప ప్రేమ లేదన్న యోహాను సువార్త 15:13ను లోకమంతటా యుద్ధ స్మారకాల మీద చెక్కారు. ఒక మనిషి తనవాళ్ళను ముందుకు పంపి తాను కొండ మీద ఉండిపోతే ఆ మాట గుర్తు రావడం సహజం. కానీ ప్రభువు ఆ మాట చెప్పింది సిలువకు వెళ్ళే ముందు రాత్రి, చేతిలో ఆయుధం లేకుండా, తనను వదిలి పారిపోబోతున్న స్నేహితులతో. యుద్ధంలో చావును సిలువతో సమానం చేయకుండానే ఆ సైనికుణ్ణి గౌరవించవచ్చు. సిలువ మీద నుంచి ఆయన తనను చంపుతున్నవాళ్ళ కోసం కూడా ప్రార్థించాడు. మనం యోవాబు దారిలో పోకుండా పట్టి ఉంచేది ఆ ప్రార్థనే.

ఇక సైనికుణ్ణి పోగొట్టుకున్న ఇంటికి వెళ్ళినప్పుడు ఏమంటాం? దేవుని చిత్తం అని తేలిగ్గా అనేస్తాం. మూడో రోజుకే ధైర్యంగా ఉండమంటాం. అశాహేలు ఎందుకు చనిపోయాడో ఈ అధ్యాయంలో దేవుడు చెప్పలేదు. ఆయన చెప్పని జవాబు మనం చెప్పబోవడం ఆదరణ కాదు. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని మాట్లాడకుండా ఉన్నంతసేపు బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే తప్పు చేశారు.

చనిపోయిన సైనికుడి భార్య విషయంలో మన అలవాటు మరీ సిగ్గుచేటు. ఆగస్టు 15న వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతాం, ఫోటో దిగుతాం. అదే మనిషిని ఇంట్లో పెళ్ళిపనులకు, సీమంతానికి ముందు వరసలో నిలబెట్టడానికి వెనకాడతాం. బాప్తిస్మం తీసుకున్న ఇళ్ళలో కూడా ఈ వెనకాడటం చూశాను. విధవరాలి దుఃఖాన్ని చూసి పాడెను ముట్టి ఊరేగింపును ఆపినవాడు మన ప్రభువు, నాయీను ఊరి గవినిలో. ఆయన్ని నమ్మామని చెప్పుకుంటూ ఆ మనిషిని దూరం పెట్టడం అవిశ్వాసమే.

ప్రార్థన

ప్రభువా, కొండల మీద, ఎడారుల్లో, మంచులో ఇవాళ కాపలా ఉన్న బిడ్డలను కాపాడు. వాళ్ళను పంపే పెద్దలకు, మా దేశంలోనూ పొరుగు దేశంలోనూ, కొలను ఒడ్డున కూర్చుని కుర్రాళ్ళను ఆడించే మనసు ఇవ్వకు. తిరిగి రానివాళ్ళ పేర్లు మేము మరిచినా నీవు మరువవు. వాళ్ళ తల్లులతో, భార్యలతో, తండ్రిని చూడని పిల్లలతో నీవు ఉండు. మాలో యోవాబు కోపం లేచినప్పుడు దావీదు కన్నీళ్ళు ఇవ్వు. అవతలి ఒడ్డున ఏడ్చే తల్లి కూడా నీ సృష్టే అని మాకు జ్ఞాపకం చెయ్యి. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ. ఆమేన్.

ఈ వారం చేయండి

మీ వీధిలో, మీ క్వార్టర్ల వరసలో సైన్యంలో ఉన్నవాళ్ళ పేర్లు, సైన్యంలో చనిపోయినవాళ్ళ పేర్లు రాసి మీ సంఘ పెద్దలకు ఇవ్వండి. మతం చూడకండి, హోదా చూడకండి, సిపాయి పేరు మేజరు పేరు కన్నా ముందు రాసినా తప్పు లేదు. ఆదివారం విజ్ఞాపన ప్రార్థనలో ఆ పేర్లు పైకి చదవమని అడగండి. పరేడ్ గ్రౌండ్స్‌లో వీరుల సైనిక్ స్మారక్ ఉంది. జులై 26 కార్గిల్ విజయ దినాన ఆ వైపు వెళ్తే బండి పక్కకు ఆపి ఒక్క నిమిషం దిగండి, పిల్లలను కూడా దింపండి. వాళ్ళు ఎవరని అడిగితే, ఎలా చనిపోయారో చెప్పే ముందు ఎలా బతికారో చెప్పండి.